అప్‌డేట్: అమ్మ క్యాన్సర్ చికిత్సకు రైలు ఖర్చు

ఇంతకుముందు నేను అడిగింది గుర్తుందా: ఆముదాలవలస నుంచి విశాఖపట్నం దగ్గర అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికి వచ్చిపోయే టికెట్ల డబ్బు తర్వాత వెనక్కి వస్తుందా అని. జవాబు తేలింది. రాదు. క్యాన్సర్ రోగులకు రైల్వే ఇచ్చేది రీయింబర్స్‌మెంట్ కాదు, టికెట్ కొనేటప్పుడే తగ్గింపు. పూర్తి ధరకు కొనేశాక తేడా తిరిగివ్వరు. మా పాత టికెట్లు ఇక చిత్తుకాగితాలే.

స్లీపర్, థర్డ్ ఏసీల్లో రోగికి మూల ఛార్జీ మొత్తం మాఫీ, తోడు వెళ్లేవారికి 75 శాతం. సెకండ్ క్లాసులో, ఏసీ ఛైర్‌కార్‌లో ఇద్దరికీ 75. సెకండ్ ఏసీలో 50. రిజర్వేషన్, సూపర్‌ఫాస్ట్ ఛార్జీలు మాత్రం కట్టాల్సిందే, అందుకే "ఉచితం" అన్నా చేతిలో చిల్లర ఉండాలి. వందే భారత్‌లో ఈ రాయితీ లేదు.

ఈ రాయితీ కోసం ఆసుపత్రిలో రైల్వే నమూనాలో ఉన్న సర్టిఫికెట్ అడగండి. డిశ్చార్జి సమ్మరీ చూపిస్తే కౌంటర్లో ఒప్పుకోరు. డాక్టరు సంతకం, రిజిస్ట్రేషన్ నంబరు, ఆసుపత్రి ముద్ర ఉన్నాయో లేదో అక్కడే చూసుకోండి. అందులో రాసిన స్టేషన్ పేర్లు కూడా: అగనంపూడికి దగ్గరది దువ్వాడ. కాగితం మీద విశాఖపట్నం అని ఉండి, దువ్వాడకు టికెట్ అడిగితే పేచీ వస్తుంది.