టిబెట్ మందులో ఇంత ఘాటా?

ప్రశ్న: మొన్న కర్ణాటకలో టిబెటన్లు ఉండే బైలకుప్పెలో అమ్చీకి, అంటే టిబెట్ వైద్యుడికి, నాడి చూపించుకున్నాను. మణికట్టు మీద మూడు వేళ్ళు ఆనించి చాలాసేపు కళ్ళు మూసుకున్నారు. అజీర్తికి మేకపెంటికల్లాంటి గోళీలిచ్చి, నమిలి వేణ్ణీళ్ళు తాగమన్నారు. కొరికితే ముందు దానిమ్మ పులుపు, వెనకే పిప్పళ్ళ మంట! అసలే నాది వేడి ఒళ్ళు. పడుతుందంటారా?

జవాబు: సేద్రు-5 అయ్యుంటుందండి. దానిమ్మ గింజలు, దాల్చినచెక్క, ఏలకులు, పిప్పళ్ళు, కుసుమపువ్వు. వాళ్ళ లెక్కలో అజీర్తికి మూలం చాలాసార్లు కడుపులో చలవే. దాన్ని బేకెన్ అంటారు, మన కఫంలాంటిది. అందుకే వేడి చేసే దినుసులు. త్రిపా, అంటే పిత్తం, పెరిగితే చేదు, చలవ మందుల వైపు వెళ్తారు. మీ వేడి ఒంటి సంగతి ఆయనకి చెప్పారా?

ఇంకొకరు: ఆరు మేలి దినుసులని కూడా ఉన్నాయి. జాజికాయ గుండెకి, కుంకుమపువ్వు కాలేయానికి, ఏలకులు మూత్రపిండాలకి... మన పోపులపెట్టే! త్రిఫల కూడా వాళ్ళకుంది. వాళ్ళు వైద్యానికి కొలిచే బుద్ధరూపం, వైద్య బుద్ధుడి, చేతిలో ఉండేది మన కరక్కాయే.

అడిగినవారు: చెప్పలేదండీ, నాడిలోనే తెలిసిపోతుందనుకున్నా. బీపీ మాత్ర సంగతీ చెప్పలేదు. ఫోన్ చేసి అడిగేదాకా డబ్బా మూతపెట్టేశాను.