లైవ్‌లో అకౌస్టిక్ గిటార్‌కి ఆంప్ మోడలర్ పెట్టి వాయిస్తున్నవాళ్లు ఉన్నారా?

నాగావళి గట్టు (శ్రీకాకుళం)

అందరికీ నమస్కారం. పెళ్లి రిసెప్షన్లకి, డిసెంబరొస్తే క్రిస్మస్ ప్రోగ్రాములకి వాయిస్తుంటాను. గిటార్ యమహా ఎఫ్‌జీఎక్స్800సీ. ఇంట్లో ఉత్తినే వాయిస్తే ఎంత బాగుంటుందో! అదే స్టేజి మీద జాక్ గుచ్చి పెద్ద బాక్సుల్లో వింటే రేకు డబ్బా మీద గీకినట్టుంటుంది. స్ట్రమ్మింగ్ కాస్త గట్టిగా కొట్టానా, పాడేవాళ్లు వెనక్కి తిరిగి చూస్తారు.

ఎలక్ట్రిక్ కోసం కొన్న హెచ్‌ఎక్స్ స్టాంప్ అనే మోడలర్ (రకరకాల గిటార్ ఆంప్లిఫయర్ల శబ్దాన్ని అనుకరించే డిజిటల్ పెట్టె) ఉంది నా దగ్గర. అందులో ఫెండర్ క్లీన్ ఆంప్ మోడల్ పెట్టి అకౌస్టిక్ గుచ్చి చూశాను. గరుకు తగ్గింది గాని మెరుపు కూడా పోయింది. అసలు అకౌస్టిక్‌కి ఆంప్ మోడల్ పెట్టొచ్చా? లేక దీనికంటూ వేరే పెట్టె కొనాలా? మన దగ్గర దొరికే సౌండ్ సిస్టమ్‌ల మీద ఇదంతా దండగేనా?

గంటస్తంభం (విజయనగరం)

మెరుపు పోయింది ఆంప్ వల్ల కాదు, దాని వెనకాల ఉన్న క్యాబ్ (ఆంప్ స్పీకర్ పెట్టె మోడల్) వల్ల. ఎలక్ట్రిక్ గిటార్ ఆంపుల్లో ఉండే 12 అంగుళాల స్పీకరు 5 కిలోహెర్ట్జ్ దాటాక దాదాపు ఏమీ పలకదు. ఎలక్ట్రిక్‌కి అదే అందం, డిస్టార్షన్‌లోని రొద అక్కడ ఆగిపోతుంది. అకౌస్టిక్‌లో తీగ మీద పిక్ తగిలే ఆ సన్నటి గలగల అంతా ఆ పైనే ఉంటుంది. మోడలర్ ఆ స్పీకర్‌ని కూడా నిజాయితీగా అనుకరిస్తుంది కాబట్టి అదంతా కోసుకుపోతుంది.

క్యాబ్ బ్లాకు తీసెయ్. ఆంప్ బ్లాకు కూడా తీసెయ్, పెద్దగా పని లేదు. మరీ కావాలనిపిస్తే అందులోనే స్టూడియో ట్యూబ్ ప్రీ అని మైక్ ప్రీఆంప్ మోడల్ ఒకటి ఉంది, అది పెట్టుకో. అసలు నీకు కావలసింది ఐఆర్ (ఇంపల్స్ రెస్పాన్స్) బ్లాకు. దాంట్లో క్యాబ్ ఐఆర్ కాదు, అకౌస్టిక్ గిటార్ ఐఆర్ వెయ్యాలి.

బ్రిడ్జి కింద ఉన్న పియెజో పికప్‌కి తెలిసేది తీగ నొక్కుడు మాత్రమే. చెక్క, లోపలి గాలి, గది, ఇవేవీ దానికి వినబడవు. అదే గిటార్ ముందు మంచి మైకు పెట్టి రికార్డు చేస్తే వచ్చే శబ్దానికీ, పియెజో శబ్దానికీ మధ్య ఉన్న తేడాని ఒక ఫిల్టరుగా పట్టుకుంటే అదే ఐఆర్. ఆంప్ మోడలింగ్‌కి దీనికి తేడా అదే. అక్కడ ట్యూబులు ఎలా చిట్లుతాయో అనుకరిస్తారు. ఇక్కడ చిట్లేదేమీ ఉండదు, పోయిన చెక్కని తిరిగి అతికించడమే.

టెక్కలి బ్రదర్

ముందు ఇంపిడెన్స్ (ఇన్‌పుట్ సిగ్నల్‌కి చూపించే నిరోధం) చూసుకోండి బ్రదర్. పియెజోని తిన్నగా మిక్సర్ లైన్ ఇన్‌పుట్‌లో గుచ్చితే బాస్ అంతా పోయి గీర శబ్దమే మిగులుతుంది. లైన్ ఇన్‌పుట్ 10 కిలో ఓమ్‌ల దగ్గర ఉంటుంది, పియెజోకి 1 మెగా ఓమ్ అయినా కావాలి. మా చర్చిలో పాత గిటార్‌కి ఆ మార్పు ఒక్కటి చేశాకే సగం బాధ పోయింది.

గంటస్తంభం

అది బ్యాటరీ లేని ప్యాసివ్ పికప్‌లకి, బ్రదర్. ఆయన యమహాలో బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉంది, కాబట్టి ఆ గొడవ లేదు. ప్యాసివ్‌వాళ్లకి మాత్రం మీరన్నది నూటికి నూరు పాళ్లు నిజం.

రణస్థలం రిథమ్

నేను దీనికి పూర్తి వ్యతిరేకం. మోడలరూ వద్దు, ఐఆరూ వద్దు. ఒక మంచి డీఐ బాక్సు (గిటార్ సిగ్నల్‌ని మిక్సర్‌కి సరిపడేలా మార్చే చిన్న పెట్టె), మిక్సర్ దగ్గర 100 హెర్ట్జ్ కింద కట్, 2 కిలోహెర్ట్జ్ చుట్టుపక్కల మూడు డీబీ తగ్గింపు. అంతే, హాయిగా వాయించుకో. స్టేజి మీద పెట్టెలు ఎక్కువైతే తంటాలూ ఎక్కువవుతాయి. ఆర్కెస్ట్రాలో కీబోర్డు, రిథమ్ ప్యాడ్, డోలు మధ్య గిటార్ చెక్క వాసన ఎవడు వింటాడు? ఆహూజా మిక్సర్ ఆంప్లిఫయర్, రెండు కాలమ్ బాక్సులూ ఉన్న ఊళ్లో నువ్వు ఎంత ఐఆర్ పెట్టినా ఒకటే.

గంటస్తంభం

ఆర్కెస్ట్రా గుంపులో అయితే నీ మాట ఒప్పుకుంటాను. ఒక్క గొంతు, ఒక్క గిటార్ ఉన్న చోట ఒప్పుకోను. ఈక్యూ (బాస్, ట్రెబుల్ సర్దేది) ఉన్నదాన్ని పెంచగలదు, తగ్గించగలదు, లేనిదాన్ని తేలేదు. పైగా ఆ 2 కిలోహెర్ట్జ్ మరీ తగ్గిస్తే గిటారే వెనక్కి పోతుంది.

నాగావళీ, ఐఆర్ ఇంట్లోనే చేసుకోవచ్చు. రెండు ఛానెళ్ల ఆడియో ఇంటర్‌ఫేస్ కావాలి. ఒకదాంట్లో గిటార్ జాక్, రెండోదాంట్లో కండెన్సర్ మైకు. మైకు పన్నెండో ఫ్రెట్‌కి ఎదురుగా ఒక అడుగు దూరంలో. తలుపులు వేసి, ఫ్యాను ఆపి (ఈ ఉక్కలో అదే అసలు కష్టం), వంటింట్లో కుక్కర్ కూతలన్నీ అయ్యాక మొదలుపెట్టు. ఒకటి రెండు నిమిషాలు అన్ని తీగల మీదా, మెడ పొడవునా వాయించు. కొంత స్ట్రమ్మింగ్, కొంత ఒక్కో తీగ. గిటార్ మీదున్న టోన్ స్లైడర్లన్నీ మధ్యలో ఉంచు. స్టేజి మీద కూడా అక్కడే ఉంచాలి, లేకపోతే చేసిన ఐఆర్ లెక్క తప్పుతుంది. ఆ రెండు ట్రాకులనీ ఇస్తే ఐఆర్ ఫైలు లెక్కగట్టే ఉచిత ప్రోగ్రాములు నెట్‌లో ఉన్నాయి. మోనో, 48 కిలోహెర్ట్జ్, 2048 శాంపిళ్లు, అంటే 43 మిల్లీసెకన్ల ముక్క. హెచ్‌ఎక్స్ స్టాంప్ అంతే తీసుకుంటుంది.

ఓపిక లేదంటే ఈ పనినే పెట్టెలో పెట్టి అమ్ముతున్నారు. టోన్‌డెక్స్‌టర్‌కి మైకు గుచ్చి వాయిస్తే తనే నేర్చుకుంటుంది. ఎల్‌ఆర్ బ్యాగ్స్ వాయిస్‌ప్రింట్ డీఐ అయితే ఐఫోన్ మైకుతో నీ గిటార్‌ని కొలుస్తుంది. ఫిష్‌మన్ ఆరాలో వాళ్లు స్టూడియోలో తీసిన శబ్దాలే ఉంటాయి, నీ గిటార్‌కి దగ్గరది ఎంచుకోవాలి. నీ దగ్గర స్టాంప్ ఉంది కాబట్టి వీటి మీద డబ్బులు పెట్టకు.

బొబ్బిలి తీగ

గిటార్ కాదు, వీణ నాది. ఇక్కడ రాయొచ్చో లేదో గాని బాధ ఒకటే కాబట్టి రాస్తున్నాను. మా బొబ్బిలి వీణ ఒకే పనస దుంగలోంచి తొలిచింది. దానికి కాంటాక్ట్ మైకు అతికించి బాక్సులో వింటే ఆ పనస ఎక్కడికి పోతుందో తెలీదు. మెట్ల మీద వేలు జారే శబ్దం, గోరు తగిలే టిక్కు మాత్రం కొట్టొచ్చినట్టు వినబడతాయి. పైన గంటస్తంభంగారు చెప్పిన పద్ధతిలోనే మా అబ్బాయి వీణకి ఐఆర్ చేశాడు. మైకు కుండకి ఎదురుగా ఒకటిన్నర అడుగుల దూరంలో పెట్టాం. కిందటి నవరాత్రుల కచేరీలో వాడాను. గమకం లాగినప్పుడు తీగ చివర్లో వచ్చే ఆ కొస వినబడింది, నాకది చాలు.

విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల 1919లో పెట్టిన రోజుల్లో మైకు గొడవే లేదు. దాని మొదటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారికి ఈ బాధలేవీ లేవు!

నాగావళి గట్టు

గురువుగారూ, వీణకి చేశారంటే ధైర్యం వచ్చింది. క్యాబ్ తీసేసి, నెట్‌లో దొరికిన ఒక డ్రెడ్‌నాట్ (పెద్ద డొల్ల ఉన్న గిటార్) ఐఆర్ వేసి చూశాను. హెడ్‌ఫోన్స్‌లో అద్భుతం. కిందటి ఆదివారం ప్రోగ్రాములో మానిటర్ (స్టేజి మీద మనకి వినబడే బాక్సు) పెంచగానే 'ఊఁ' అని ఊళ మొదలైంది. జీ కార్డు పట్టినప్పుడల్లా అదే.

టెక్కలి బ్రదర్

ఆ ఊళ 100 హెర్ట్జ్ దగ్గరిది బ్రదర్. డ్రెడ్‌నాట్ డొల్లలోని గాలి సరిగ్గా ఆ చుట్టుపక్కలే మోగుతుంది, మూడో ఫ్రెట్ జీ 98 హెర్ట్జ్. ఐఆర్ చెక్కని తిరిగి తెచ్చిందంటే దాంతోపాటు ఫీడ్‌బ్యాక్‌నీ తెచ్చినట్టే. మేం చేసేవి ఇవి. సౌండ్‌హోల్‌కి రబ్బరు మూత. ఐఆర్ మిక్స్ నూటికి నూరు పెట్టం, గోల ఎక్కువున్న స్టేజి మీద 30, 40 శాతం, కూర్చుని పాడుకునే ఆరాధనలో 70 దాకా. ఇంకా కూస్తే ఆ ఒక్క ఫ్రీక్వెన్సీ మీద సన్నటి కోత (నాచ్).

అన్నిటికంటే పనికొచ్చింది ఇంకోటి. స్టాంప్‌లో దారిని రెండుగా చీల్చండి. ఐఆర్ ఉన్నది ఎడమ అవుట్‌కి, ఐఆర్ లేని ఉత్త పియెజో కుడి అవుట్‌కి. ఎడమది జనానికి, కుడిది మీ మానిటర్‌కి. మీకు మానిటర్‌లో గరుగ్గానే వినబడుతుంది, కానీ ఊళ రాదు. మిక్సర్‌లో రెండు ఛానెళ్లు ఇవ్వమని సౌండ్ వాళ్లని ముందే అడగాలి, ప్రోగ్రాం మొదలయ్యాక అడిగితే మొహం తిప్పేసుకుంటారు.

పలాస పప్పు

టోన్ గురించి అందరూ చెప్పారు, కరెంటు గురించి ఎవరూ చెప్పలేదు! మా వైపు పందిరి ప్రోగ్రాములో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు రెండు సెకన్లు చీకటి. డీఐ బాక్సు వాడేవాడికి అంతే నష్టం. మోడలర్ వాడేవాడికి మాత్రం పెట్టె మళ్లీ బూట్ అవ్వాలి. పల్లవి అయిపోయి చరణంలోకి వెళ్లిపోతారు పాడేవాళ్లు, నువ్వు తెర మీద లోగో చూస్తూ నిలబడతావు.

మందు: ఇంట్లో కంప్యూటర్‌కి పెట్టుకునే మామూలు 600 వీఏ యూపీఎస్. దానికి మోడలర్ అడాప్టర్ ఒక్కటే గుచ్చు. స్టాంప్ 9 వోల్టుల దగ్గర 3 ఆంపియర్ల అడాప్టర్, యూపీఎస్‌కి అదొక లెక్క కాదు. కరెంటు పోగానే యూపీఎస్ 'బీప్ బీప్' అంటుంది, దాన్ని మైకులకి దూరంగా పెట్టు. ఒక రిసెప్షన్‌లో ఆ బీప్ కూడా వీడియోలోకి ఎక్కింది.

హమ్ (గుయ్‌మనే రొద) వస్తే డీఐ మీద గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ నొక్కు. అంతేగాని త్రీపిన్ ప్లగ్గులో ఎర్త్ పిన్ను విరగ్గొట్టమని ఏ సౌండ్ కుర్రాడు చెప్పినా వినకు. ప్రాణం మీదికొస్తుంది.

రణస్థలం రిథమ్

చూశారా, గిటార్ వాయించడానికి యూపీఎస్ మోసుకెళ్లాలట. నేనేటన్నాను?

పలాస పప్పు

నీ డీఐ బాక్సు బ్యాటరీ అయిపోయిన రోజు మాట్లాడుకుందాం బావా.

నాగావళి గట్టు

మీ గొడవ బాగుంది 😄 ఇంకొక్క అనుమానం. స్టాంప్‌లోంచి డిజిటల్ మిక్సర్‌లోకి, అక్కడి నుంచి మానిటర్‌కి. ఇన్నిసార్లు మారితే శబ్దం లేటవుతుందని ఎవరో భయపెట్టారు.

గంటస్తంభం

మోడలర్‌లో రెండు మూడు మిల్లీసెకన్లు, మిక్సర్‌లో ఒకటి రెండు. గాలిలో శబ్దం ఒక మిల్లీసెకనుకి 34 సెంటీమీటర్లు పోతుంది. నువ్వు మానిటర్‌కి రెండు మీటర్ల దూరంలో నిలబడితేనే ఆరు మిల్లీసెకన్లు అయిపోయాయి. టెన్షన్ పడకు. పైన వైర్‌లెస్ కూడా తగిలిస్తే అప్పుడు లెక్క చూడాలి. అకౌస్టిక్‌కి కేబుల్ చాలు.

నాగావళి గట్టు

అయితే సొంత ఐఆర్ చేస్తాను. నెట్‌లోది నా గిటార్‌కి ముక్కుతో మాట్లాడుతోంది. గంటస్తంభం అన్నా, మీ దగ్గరున్న ఫైలు పంపగలరా, పోల్చి చూసుకోడానికి?

గంటస్తంభం

పంపుతాను గాని నా గిటార్, నా పికప్‌కి చేసింది అది, నీదానికి అతకదు. ఒక మాట, ఐఆర్ తియ్యబోయే రెండు రోజుల ముందు తీగలు మార్చు. సముద్రపు గాలికి ఇక్కడ ఫాస్ఫర్ బ్రాంజ్ తీగలు తొందరగా నల్లబడతాయి, చచ్చిన తీగలతో తీస్తే ఆ చచ్చిన శబ్దమే ఫైల్లో కూర్చుంటుంది. మరీ కొత్తవైనా గరగరే. కండెన్సర్ మైకు లేకపోతే నాది తీసుకెళ్లు, శనివారాలు ఇంట్లోనే ఉంటాను. స్టాండు మాత్రం నువ్వే తెచ్చుకో, నాది క్లిప్పు విరిగింది.