అమ్మకి నీరు తీసే మాత్ర రాశారు, వాడేవాళ్లు ఎలా నెట్టుకొస్తున్నారు?

కృష్ణలంక_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మా అమ్మకి 64 ఏళ్లు. రాత్రిళ్లు పడుకుంటే ఆయాసం, కాళ్లు పొంగిపోయి చెప్పులు పట్టకపోవడంతో పోయిన నెల హాస్పిటల్లో చేర్చాం. ఎకోలో గుండె పంపింగ్ 35 శాతం అన్నారు. ఐదు రోజులుంచి నీరంతా తీసేసరికి 61 కిలోల మనిషి 56కి వచ్చింది. ఇంటికి రాసిన మందుల్లో నీరు తీసే మాత్ర లాసిక్స్ 40 పొద్దున ఒకటి, మధ్యాహ్నం సగం. రామిప్రిల్, స్పైరొనోలాక్టోన్ 25, ఇంకో గుండె మాత్ర కూడా ఉన్నాయి.

మందుతో కాదు, అమ్మతోనే నా తంటా. "ఆ మాత్ర వేసుకుంటే బాత్రూమ్‌కి కాపలా కాయాల్సిందే" అంటుంది. పేరంటానికో గుడికో వెళ్లే రోజు మానేస్తుంది. మర్నాడు కాళ్లు నొక్కి చూసుకుని "ఇవాళ రెండు వేసుకుంటాలే" అంటుంది. నిన్న మంచం మీంచి లేస్తూ కళ్లు తిరిగి గోడ పట్టుకుంది. దానికితోడు పక్కింటావిడ వచ్చి ఆ మాత్ర అలవాటైపోతుంది, కిడ్నీలు పోతాయి అని చెప్పి వెళ్లింది. రివ్యూకి ఇంకా పది రోజులుంది. మీ ఇళ్లలో ఎలా వాడుతున్నారో చెప్పండి.

హనుమకొండ_వెంకన్న:
మా నాయన ఏడేళ్లుగా వాడుతున్నాడు అక్కా. మొదటి సంవత్సరం మాదీ ఇదే కథ. హైదరాబాద్ పెళ్లికి బయల్దేరే ముందు మాత్ర వేసుకుని బస్సెక్కాడు. జనగామ వచ్చేలోపు రెండుసార్లు డ్రైవర్‌ని బతిమాలి ఆపించాల్సి వచ్చింది. ఆ తర్వాత బయటికి వెళ్లే రోజు మాత్రే మానేయడం మొదలుపెట్టాడు.

చివరికి డాక్టర్ చెప్పింది ఒక్కటే, మానొద్దు, టైము జరుపుకోండి అని. ఈ మాత్ర వేసుకున్న గంటలోపు పని మొదలుపెడుతుంది, ఒకటి రెండు గంటల్లో జోరు మీద ఉంటుంది, ఆరు గంటలకి దాని పని అయిపోతుంది. ఆరు గంటలు పనిచేస్తుంది కాబట్టే, 'లాస్ట్స్ సిక్స్' అన్న మాటలోంచి లాసిక్స్ అని పేరు పెట్టారట. ఇప్పుడు పది గంటలకి బయల్దేరాలంటే ఐదున్నరకే వేసుకుంటాడు. లేదంటే ఊరు చేరాక, మధ్యాహ్నం పన్నెండుకి. రెండో డోసు మాత్రం మూడు నాలుగు దాటాక వద్దు, రాత్రంతా లేవాలి. ముసలివాళ్లు చీకట్లో లేచి పడిపోతే తుంటి ఎముక విరుగుతుంది, అదో పెద్ద పరేషాన్. మీరు కూడా మీ డాక్టర్‌ని అడిగే జరపండి.

రాజోలు_మాస్టారు:
అమ్మాయ్, నేను పేషెంటుని, రిటైర్డ్ టీచర్ని. నాలుగేళ్ల నుంచి గుండె వీక్. మీ అమ్మగారు కాళ్లు నొక్కి చూసి డోసు నిర్ణయిస్తున్నారు చూడు, అక్కడే తప్పు జరుగుతోంది. కాలికి సొట్ట పడేసరికి ఒంట్లో రెండు మూడు లీటర్లు చేరి ఉంటుంది. కాలు ఆలస్యంగా చెబుతుంది, తూకం ముందు చెబుతుంది. ఒక లీటరు నీరంటే ఒక కిలో. రాత్రికి రాత్రి కిలో కొవ్వు ఎవరికీ పట్టదు కదా.

నా పద్ధతి చెప్తాను. పొద్దున లేచి మూత్రానికి వెళ్లొచ్చి, కాఫీ కూడా తాగకముందు, అదే లుంగీతో, గచ్చు మీద పెట్టిన మెషిన్ ఎక్కుతాను. చాప మీదా పట్టా మీదా పెడితే తప్పు చూపిస్తుంది. ఆ అంకె గోడ క్యాలెండర్‌లో ఆ రోజు గడిలో రాస్తాను. పాల ప్యాకెట్ల లెక్క పైన, నా తూకం కింద. మా ఆవిడ నవ్వుతుంది కానీ ఆ క్యాలెండరే నన్ను ఒకసారి హాస్పిటల్ నుంచి తప్పించింది. పోయిన సంక్రాంతికి ముందు 71.2 ఉన్నవాణ్ణి, భోగికి 71.9, పండగ రోజు 72.6, కనుమకి 73.3. కాళ్లు మామూలుగానే ఉన్నాయి, ఆయాసం లేదు. మూడు రోజులు పులిహోర, చేగోడీలు, గోంగూర పచ్చడి తింటే ఉప్పు వెంట నీరు రాక ఏం చేస్తుంది? ఫోన్ చేస్తే డాక్టర్ మూడు రోజులు డోసు పెంచి, మళ్లీ పాతదానికి తెమ్మన్నారు. 71.4కి దిగింది.

నాకు రాసిచ్చిన గీత ఇది: ఒక్క రోజులో కిలో పైన, లేదా మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఫోన్ చెయ్యి. నీరు దిగాక ఉన్న బరువు కంటే బాగా తగ్గి, కళ్లు తిరిగినా ఫోన్ చెయ్యి. రెండోది చాలామంది మర్చిపోతారు. నీరు తక్కువైనా ప్రమాదమే. మీ అమ్మగారి బరువు ఇవాళ ఎంతో చూశారా?

నైట్‌డ్యూటీ_నర్సు:
కళ్లు తిరిగాయని రాశారు కాబట్టి ముందు దానికి. పది రోజులు ఆగొద్దు, రేపే రాసిన డాక్టర్‌కి ఫోన్ చేయండి. కూర్చోబెట్టి ఒకసారి, నిలబెట్టి ఒకసారి బీపీ చూడండి. సోడియం, పొటాషియం, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ టెస్టు రాస్తారు. ఈ మందులు మొదలుపెట్టిన వారం పది రోజుల్లో, డోసు మార్చినప్పుడల్లా ఆ టెస్టు చేయించాల్సిందే. స్పృహ తప్పినా, గుండె దడగా కొట్టుకున్నా, ఆయాసంతో పడుకోలేకపోయినా ఫోన్లు కాదు, నేరుగా ఎమర్జెన్సీకి.

నిన్నటిది మానేసి ఇవాళ రెండు వేసుకోవడం అస్సలు వద్దు. పక్కింటావిడ మాటకొస్తే, ఈ మాత్రకి అలవాటు పడటం అంటూ ఏమీ లేదు. గుండె జబ్బు పోదు కాబట్టి మాత్రా పోదు, అంతే. కిడ్నీల సంగతి సగం నిజం. ఒంట్లో నీరు మరీ ఎండిపోయేలా వాడితే కిడ్నీ దెబ్బతింటుంది. నీరు నిండిపోయినా కిడ్నీకి ఇబ్బందే.

ఇంకో ప్రశ్న. అమ్మకి మోకాళ్ల నొప్పులున్నాయా? దాచకుండా చెప్పమనండి. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఉప్పునీ నీటినీ ఒంట్లో పట్టి ఉంచుతాయి, నీటి మాత్ర పని చెడగొడతాయి. రామిప్రిల్, నీటి మాత్ర, నొప్పి మాత్ర మూడూ కలిస్తే కిడ్నీ మీద మూడు వైపుల నుంచి పడినట్టే. మా వార్డుకి నీరు పట్టి మళ్లీ వచ్చే పెద్దవాళ్ల సంచి తిరగేస్తే అడుగున ఆ స్ట్రిప్పు కనబడుతూనే ఉంటుంది.

మండపేట_బాబ్జీ:
లాసిక్స్‌తో పొటాషియం పోతుందండీ, అందుకే నీరసం, పిక్కలు పట్టేయడం. రోజూ ఒక కొబ్బరి బోండాం, రెండు అరటిపళ్లు ఇవ్వండి. మా మావయ్య అలాగే తేరుకున్నారు.

నైట్‌డ్యూటీ_నర్సు:
బాబ్జీ గారూ, మీ మావయ్యకి ఒక్క లాసిక్సే ఉండి ఉంటుంది. ఈవిడకి స్పైరొనోలాక్టోన్, రామిప్రిల్ కూడా ఉన్నాయి. ఆ రెండూ పొటాషియాన్ని బయటికి పోనివ్వవు. కొబ్బరినీళ్లు ఒక గ్లాసులో సుమారు 600 మిల్లీగ్రాముల పొటాషియం ఉంటుంది. రిపోర్టు చూడకుండా రోజూ తాగించొద్దు.

పొన్నూరు_కుర్రాడు:
నర్సు గారు చెప్పింది మా ఇంట్లో జరిగింది. మా బాబాయ్ ఉప్పు తగ్గించమన్నారు కదా అని సోడియం తక్కువ ఉప్పు కొనుక్కొచ్చాడు. మంచి పనే అనుకున్నాం. అందులో సోడియం బదులు కలిపేది పొటాషియం క్లోరైడ్ అని ఎవరికి తెలుసు? ఆయనకీ స్పైరొనోలాక్టోన్ ఉంది. నొప్పి లేదు, ఏమీ లేదు, కాళ్లు బరువుగా ఉన్నాయి అన్నాడంతే. టెస్టులో పొటాషియం 6.4. ఐదు దాటితేనే జాగ్రత్త పడాలట. ఆ రాత్రంతా ఐసీయూ బయట కూర్చున్నాం.

తమాషా ఏంటంటే మా అత్తది సరిగ్గా దీనికి ఉల్టా. ఆవిడకి ఒక్క లాసిక్సే. రాత్రిళ్లు పిక్కలు పట్టేసి కేకలు పెట్టేది, చూస్తే పొటాషియం 2.9. ఆవిడకి పొటాషియం సిరప్ రాశారు. ఒకే ఇంట్లో ఒకరికి మందు, ఇంకొకరికి విషం.

హైటెక్_శ్రీను:
మధ్యలో వస్తున్నా, సారీ. నాకు 38. సాయంత్రానికి చీలమండల దగ్గర వాపు, సాక్సు గీత పడిపోతోంది. మా నాన్నకి ఉన్న నీటి మాత్ర డైటార్ 10 ఒకటి వేసి చూడొచ్చా? వారంలో క్లయింట్ విజిట్ ఉంది, డాక్టర్ దగ్గరికి టైమ్ లేదు.

మందులషాపు_సుబ్బారావు:
వద్దు నాయనా. షాపులో కూర్చున్న నేనే చెప్తున్నా, అది చీటీ లేకుండా ఇవ్వకూడని మందు. అడగ్గానే ఇచ్చే షాపులూ ఉన్నాయనుకో, ఆ గొడవ వేరు. ముందు ఇది చెప్పు: బీపీకి ఆమ్లోడిపిన్ ఏమైనా వాడుతున్నావా? వాపు రెండు కాళ్లకా, ఒక్క కాలికేనా?

హైటెక్_శ్రీను:
ఆరు నెలల నుంచి ఆమ్లోడిపిన్ 10. రెండు కాళ్లకీ.

మందులషాపు_సుబ్బారావు:
సగం జవాబు నువ్వే చెప్పేశావు. ఆ మాత్రతో కాళ్లు వాయడం మామూలు, పదితో ఇంకా ఎక్కువ. అది ఒంట్లో నీరు ఎక్కువై వచ్చే వాపు కాదు, కాలి చిన్న రక్తనాళాల్లోంచి ఊరి బయటికి వచ్చేది. దానికి నీటి మాత్ర పెద్దగా పనిచేయదు. మా తోడల్లుడు నెలరోజులు అలాగే సొంతంగా వేసుకుని సోడియం పడగొట్టుకున్నాడు. డాక్టర్ బీపీ మందు మారిస్తే రెండు వారాల్లో కాళ్లు మామూలయ్యాయి. నువ్వు మాత్రం నీ అంతట బీపీ మాత్ర ఆపకు, ఫోన్‌లో అయినా డాక్టర్‌ని అడుగు. మూత్రంలో ప్రోటీన్ కూడా ఒకసారి చూపించుకో.

ఒక్క కాలే వాచి, పిక్క నొప్పిగా ఉంటే అది రక్తం గడ్డ కావచ్చు, అదే రోజు వెళ్లాలి. మా వైపు బోదకాలు కేసులకి కూడా నీటి మాత్రలు అడుగుతారు. దానికి ఇది మందే కాదు. గర్భిణీల కాళ్ల వాపుకి ఇంట్లో ఉన్న మాత్ర ఇచ్చేవాళ్లనీ చూశాను, దయచేసి ఆ పని చేయకండి.

డల్లాస్_కోడలు:
మా మావయ్య గారు ఇక్కడికి వచ్చినప్పుడు లాసిక్స్ మార్చి టోర్సెమైడ్ ఇచ్చారు, డైటార్ అదే. అది కడుపులోంచి ఒంటికి పట్టడం నిలకడగా ఉంటుంది, ఎక్కువసేపు ఉంటుంది అన్నారు. నేను ఇదే గొప్పదేమో అనుకున్నా. కానీ 2023లో వచ్చిన పెద్ద ట్రయల్‌లో రెండిటి మధ్య ప్రాణాలు నిలబెట్టడంలో తేడా కనిపించలేదట. కాబట్టి ఏది రాస్తే అది. మిల్లీగ్రాములు మాత్రం ఒకటికొకటి సరిపోవు, ఇంట్లో మిగిలిన పాతదాన్ని కొత్తదాని బదులు వేసుకోవద్దు. ఆయన రెండూ కలిపి వేసుకోబోతే పట్టుకున్నాను.

రెంటచింతల_ఎండ:
మా ఊరి పేరు చెబితే ఎండ గుర్తొస్తుంది కదా. మే నెలలో మా నాన్నకి వాంతులు, విరేచనాలు. రెండు రోజులు మంచినీళ్లే నిలవలేదు. అయినా "గుండె మాత్రలు మానకూడదు" అని పట్టుబట్టి అన్నీ వేసుకున్నాడు, మేమూ మెచ్చుకున్నాం. మూడో రోజు మూత్రం ఆగిపోయింది, క్రియాటినిన్ 3 దాటింది. సెలైన్లతో తేరుకున్నాడు. డిశ్చార్జి రోజున చెప్పారు, అలాంటప్పుడు వెంటనే ఫోన్ చేయాలట, నీటి మాత్ర, రామిప్రిల్ లాంటివి ఒకటి రెండు రోజులు ఆపిస్తారట. ఆ ముక్క మందు రాసిన రోజే చెప్పి ఉంటే ఎంత బాగుండేది. అందుకే మీ డాక్టర్‌ని ఇప్పుడే అడిగి పెట్టుకోండి: వాంతులైతే ఏవి ఆపాలి, ఎండాకాలం డోసు తగ్గించాలా, రోజుకి ఎన్ని నీళ్లు. నీళ్ల లెక్కలో మజ్జిగ, చారు, టీ కూడా వస్తాయి.

కృష్ణలంక_అమ్మాయి:
మూడు రోజుల తర్వాత రాస్తున్నాను. నర్సు గారూ, మీకు దణ్ణం. పోపుల డబ్బా వెనక దొరికింది, ఎసిక్లోఫెనాక్ స్ట్రిప్పు, పదిలో ఆరు అయిపోయాయి. వీధి చివర ఆర్‌ఎంపీ ఇచ్చాడట, "మోకాళ్లకి వేరే, గుండెకి వేరే కదే" అంటుంది. ఫ్రిజ్ పైన మాగాయ సీసా కూడా బయటపడింది, దాని సంగతి తర్వాత.

ఫోన్ చేస్తే డాక్టర్ అదే రోజు రమ్మన్నారు. నిలబడితే బీపీ 94కి పడిపోయింది. సోడియం 131, పొటాషియం 5.3, క్రియాటినిన్ 1.5. బరువు 54.3. నీరు మరీ ఎక్కువ తీసేశామని మధ్యాహ్నం సగం మాత్ర ఆపేశారు, నొప్పి మాత్ర బంద్, అవసరమైతే పారాసెటమాల్. వారంలో మళ్లీ టెస్టు. 55 నుంచి 56 మధ్య ఉంచాలి, 57 దాటితే ఫోన్ చేయండి అని చీటీ మీదే రాసిచ్చారు. పేరంటాల రోజు పొద్దున్నే వేసుకోవచ్చన్నారు. అమ్మ ఆ ఒక్క మాటే విన్నది.

రాజోలు_మాస్టారు:
చీటీ ఫోటో తీసి దగ్గర పెట్టుకో. మాగాయ పూర్తిగా మాన్పించకు, దొంగతనంగా తింటారు. నేను ముద్దకి నంజుకునేంత ముక్క, వారానికి రెండుసార్లు అని మా డాక్టర్‌తో బేరం ఆడాను. అప్పడాలు, వడియాలు మాత్రం వదిలేశాను.

కృష్ణలంక_అమ్మాయి:
మాస్టారూ, అర్జెంట్. నిన్న 55.2, ఇవాళ 57.1! ఆయాసం లేదు, కాళ్లూ మామూలుగానే ఉన్నాయి. డాక్టర్‌కి ఫోన్ చేస్తున్నా, ఎంగేజ్ వస్తోంది. టెన్షన్‌గా ఉంది.

రాజోలు_మాస్టారు:
ఫోన్ ప్రయత్నిస్తూనే ఉండు. ఈలోపు చెప్పు, ఎన్నింటికి ఎక్కారు, ఏం కట్టుకుని ఎక్కారు?

కృష్ణలంక_అమ్మాయి:
ఇప్పుడే అడిగాను. పొద్దున మర్చిపోయిందట. పెసరట్టు ఉప్మా తిని, కాఫీ తాగి, పేరంటానికి పట్టుచీర కట్టుకుని, గాజులన్నీ వేసుకున్నాక గుర్తొచ్చి ఎక్కిందట. నేను తిడతానని అంకె మాత్రం నిజాయితీగా క్యాలెండర్‌లో రాసింది.

రాజోలు_మాస్టారు:
దాన్ని కొట్టేసి పక్కన "పట్టుచీర" అని రాయమను. రేపు పొద్దున నైటీతో చూడండి, అప్పటికీ 57 ఉంటే అప్పుడు డాక్టర్.

కృష్ణలంక_అమ్మాయి:
పొద్దున 55.4 అండీ.