ఆర్15 వీ3 అమ్ముడుపోవడం లేదు, హనుమకొండలో ఎంత ధర పెట్టాలి?

బండి 2019 యమహా ఆర్15 వీ3, 155 సీసీ, డ్యూయల్ ఛానల్ ఏబీఎస్, బీఎస్4. టీఎస్ 03 రిజిస్ట్రేషన్, మొదటి ఓనర్‌ని నేనే. 31,000 కిలోమీటర్లు తిరిగింది. చైన్ స్ప్రాకెట్, వెనుక టైరు ఈ మధ్యే మార్చాను, సైలెన్సర్ కంపెనీదే. ఇన్సూరెన్స్ ఉంది, ఫైనాన్స్ లేదు.

ముందు 95 వేలు పెట్టాను, తర్వాత 85కి దించాను. ఆన్‌లైన్‌లో ఫొటోలు పెట్టాను, కాజీపేట, నక్కలగుట్ట వైపు పాత బండ్లు కొని అమ్మే కన్సల్టెన్సీల్లో అడిగాను. వాళ్లు 60 దాటడం లేదు. ఎక్స్‌ఛేంజ్‌లో ఇంకా తక్కువ అన్నారు.

చూడటానికి వచ్చేది ఎక్కువగా కాలేజీ పిల్లలే. బండి నచ్చుతుంది, 7,400 ఆర్‌పీఎం దగ్గర వీవీఏ (ఇంజిన్ వాల్వ్‌ల తీరు మార్చే ఏర్పాటు) అందుకునే ఊపు నచ్చుతుంది. తర్వాత నాన్నగారు వస్తారు. వెనుక సీటు ఎత్తు చూసి, మైలేజ్ అడిగి వెళ్లిపోతారు (నలభైకి పైనే ఇస్తుందంటే నమ్మరు). ఇంకొందరికి వీ4యే కావాలి. పైగా 2025 సెప్టెంబరులో 350 సీసీ వరకు బండ్లకు జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గడంతో, కొత్తదాని ధర చెప్పి బేరం ఆడుతున్నారు.

హైదరాబాద్ రేట్లు ఇక్కడ పనికిరావు. వరంగల్, కరీంనగర్ వైపు ఈ మధ్య ఇలాంటి వీ3 కొన్నవాళ్లు, అమ్మినవాళ్లు చెప్పండి: చేతికి నిజంగా ఎంత వచ్చింది?