ఇంటి మీటరు మీద సీఎన్‌సీ లేత్, మిల్లు: వీఎఫ్‌డీ చాలునా, త్రీ ఫేజ్ తప్పదా?

కొత్తోడు_రాజాం:
ఇంటి వెనక పది బై పన్నెండు అడుగుల షెడ్డు ఉంది. నాలుగున్నర అడుగుల పాత లేత్ బేరమయింది, రెండు హెచ్‌పీ త్రీ ఫేజ్ మోటారుతో. దాన్ని కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీకి మార్చి, పక్కన చిన్న బెంచ్ మిల్లింగ్ మెషీన్ పెడదామని. ఇంటికి సింగిల్ ఫేజే, మూడు కిలోవాట్ల లోడు. సింగిల్ ఫేజ్‌ని త్రీ ఫేజ్‌గా మార్చే వీఎఫ్‌డీ డ్రైవ్‌తో నడుస్తుందా?

నాగావళి_లేత్:
నడుస్తుంది తమ్ముడూ. 1.5 కిలోవాట్ల వీఎఫ్‌డీ తీసుకో: లోపలికి 220 సింగిల్ ఫేజ్, బయటికి 220 త్రీ ఫేజ్. ఫుల్ లోడు మీద సుమారు 14 ఆంప్స్ లాగుతుంది. బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల వైరు లాగి, 20 ఆంప్స్ సీ కర్వ్ ఎంసీబీ (బ్రేకరు) పెట్టు. లోడు ఐదు కిలోవాట్లకి పెంచమని కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌లో అర్జీ పెట్టు.
మెలికంతా మోటారులో ఉంది. ఈ సైజు మోటార్లు మామూలుగా 415 వోల్టులకి స్టార్‌లో, అంటే మూడు చుట్టల చివర్లు లోపల ఒకచోట కలిపి, ఉంటాయి. అలాగే 220 ఇస్తే వోల్టేజీ సగం, గరిష్ఠ టార్క్ నాలుగో వంతు. చిన్న కట్‌కే స్పిండిల్ (జాబ్‌ని తిప్పే ఇరుసు) నిలబడిపోతుంది. స్టార్ జాయింటు విప్పి ఆరు చివర్లూ బయటికి తీయించి డెల్టాలో (త్రికోణంగా) కలిపితే 240కి సరిపోతుంది.

బొబ్బిలి_బోల్టు:
ఈ సలహాలు విని ఎంతమంది వీఎఫ్‌డీలు కాల్చుకున్నారో! పల్లె ఫీడర్ మీద వ్యవసాయ మోటార్లు వేసే వేళకి వోల్టేజీ 180 చూపిస్తుంది. అప్పుడు ఏం చేస్తావు నాయనా? త్రీ ఫేజ్ తీసుకో, నిశ్చింతగా ఉండు.

నాగావళి_లేత్:
180 ఉన్నా వీఎఫ్‌డీ లోపలి డీసీ వోల్టేజీ (డీసీ బస్) 250 దాకా ఉంటుంది. అది 200 దగ్గరికి పడితే గానీ చాలా వీఎఫ్‌డీలు ట్రిప్ అవవు.

బొబ్బిలి_బోల్టు:
అది లోడు లేనప్పటి లెక్క. కట్ పడ్డాక రిపుల్ (ఆ డీసీలో ఎగుడుదిగుడు) ఎంతో కొలిచారా?

సోంపేట_స్పానర్:
మోటారు తీసేసి స్పిండిల్‌కి సర్వో మోటారు పెడితే గొడవే ఉండదు కదా.

జీకోడ్_గరివిడి:
మీరిద్దరూ 180 దగ్గరే ఆగిపోయారు. ట్రిప్ అవడం నష్టం కాదు, ట్రిప్ అయిన సంగతి మెషీన్ నడిపే కంట్రోలర్‌కి తెలియకపోవడం నష్టం. స్పిండిల్ ఆగిపోతుంది, జెడ్ (టూలును బెడ్ వెంట నడిపే అక్షం) మాత్రం ఫీడ్‌లో వస్తూనే ఉంటుంది. ఇన్సర్ట్ (టూలు కొసన కోసే ముక్క) చిట్లుతుంది, చక్‌లో బిగించిన జాబ్ వంగుతుంది, స్టెప్పర్ మోటారు స్టెప్పులు పోగొట్టుకుంటుంది. వీఎఫ్‌డీలో ఫాల్ట్ రిలే ఉంటుంది, దాని కాంటాక్టును ఎమర్జెన్సీ స్టాప్ లైన్‌లో సిరీస్‌గా కలపాలి. త్రీ ఫేజ్ తీసుకున్నా ఇది తప్పదు, ఒక ఫేజ్ పోతే జరిగేదీ ఇదే.
రెండోది, ఇంటి 30 మిల్లీఆంప్స్ ఆర్‌సీసీబీ (ఎర్త్ లీకేజీ స్విచ్) తరచూ వీఎఫ్‌డీ ఫిల్టర్ లీకేజీకే పడిపోతుంది. అందుకని ఎర్త్ పీకేసేవాళ్లున్నారు. ఆ పని చేయకండి! ఇంట్లో సాకెట్లకి 30 అలాగే ఉంచి, మెషీన్ లైన్‌కి విడిగా 100 మిల్లీఆంప్స్‌ది, విడిగా ఎర్త్ పిట్. మోటారుకి షీల్డ్ కేబుల్. కదలిక హద్దు పట్టే లిమిట్ స్విచ్‌లు 24 వోల్టుల మీద నడపాలి, 5 మీద పెడితే స్పిండిల్ తిరగ్గానే ఉత్తుత్తి లిమిట్ అలారాలు.

టెక్కలి_టూల్స్:
ఎంతసేపూ కరెంటేనా? పాత లేత్ క్రాస్ స్లయిడ్‌లో అరిగిన ఏక్మీ స్క్రూ (పాత రకం మరల కడ్డీ) అలాగే ఉంచితే ఏ కంట్రోలరూ కాపాడదు. ఎక్స్‌లో (అడ్డ దిశలో) 0.05 మిల్లీమీటర్ల బ్యాక్‌లాష్ (వదులు) ఉంటే డయామీటర్‌లో 0.10 తేడా. 16 మిల్లీమీటర్ల, 5 పిచ్ బాల్ స్క్రూ (గోళీల మీద నడిచేది) వేయాలి. మరలు కోయాలంటే స్పిండిల్‌కి ఒకటికి ఒకటి నిష్పత్తిలో ఇండెక్స్ ఉన్న ఎన్‌కోడర్ (తిరుగుడు చదివేది), లినక్స్‌సీఎన్‌సీ సాఫ్ట్‌వేర్ కావాలి. మామూలు జీఆర్‌బీఎల్ సాఫ్ట్‌వేర్‌లో లేత్ మరల సైకిల్ లేదు.
సముద్రపు గాలి మాట కూడా. 2018 తిత్లీ తుపానప్పుడు మా వైపు రోజుల తరబడి కరెంటు లేదు, వాడకుండా ఉన్న లేత్ బెడ్‌లకి తుప్పు పట్టింది. 68 గ్రేడు స్లయిడ్‌వే ఆయిల్ రాసి గుడ్డ కప్పాలి. ప్లాస్టిక్ షీటు కప్పితే చెమ్మ లోపలే ఉండిపోతుంది.

బొబ్బిలి_బోల్టు:
ఇవన్నీ సరే. ఇంటి మీటరు మీద జాబ్ వర్క్ (డబ్బుకి బయటి పని) చేస్తే తనిఖీకొచ్చి పాత బిల్లులతో సహా కడతావా అంటారు. మా వీధిలో ఒకాయనకి జరిగింది.

నాగావళి_లేత్:
కుర్రోడు జాబ్ వర్క్ అన్లేదు. మీరే అంటున్నారు.

బొబ్బిలి_బోల్టు:
అనకపోతే నాలుగున్నర అడుగుల లేత్ ఎందుకండీ, పెన్నులు చేసుకోవడానికా? ఇండస్ట్రీ మీటరు, షెడ్డు అద్దె, హెల్పర్ జీతం కట్టుకుని మేం బుష్‌కి ఒక రేటు చెప్తాం. ఇంట్లో కూర్చున్నోడు అందులో సగానికి చేసిస్తాడు. రైస్ మిల్లు వాళ్లు ఇప్పుడు నా దగ్గరికి డ్రాయింగు పట్టుకొచ్చి రేటు కనుక్కుని వెళ్లిపోతున్నారు.

నాగావళి_లేత్:
అదీ సంగతి! వోల్టేజీ, రిపుల్ అంటూ తిప్పారు గానీ మీ బాధ పోటీ. పలాస జీడి కార్ఖానాలో ఒక షాఫ్ట్ పోతే విశాఖ ఆటోనగర్ దాకా పట్టుకెళ్తున్నారు. ఒక్క కీవే గాడి కోసం రోజంతా పోతోంది. ఊరికో లేత్ ఉంటే తప్పేటి?

బొబ్బిలి_బోల్టు:
ఉండాలి. మీటరు మార్చుకుని ఉండాలి. అంతే నేననేది.

జీకోడ్_గరివిడి:
ఆ మాట మొదటే అనాల్సింది మాస్టారూ. కుర్రాడా, జాబ్ వర్కా కాదా, ముందు చెప్పు.

కొత్తోడు_రాజాం:
ముందు నేర్చుకోవాలి. తర్వాత బుడితి వైపు ఇత్తడి పని చేసేవాళ్లకి గుండీలు, కాళ్లు టర్నింగ్ చేద్దామని ఉంది. డబ్బు తీసుకునేదే.

టెక్కలి_టూల్స్:
ఇత్తడికైతే సున్నా రేక్ (పై ముఖానికి వాలు లేని) టూల్ వాడు. స్టీలు కోసే ఇన్సర్ట్ పాజిటివ్ రేక్‌తో పెడితే జాబ్‌లోకి లాక్కుంటుంది.

బొబ్బిలి_బోల్టు:
డబ్బు తీసుకునేదే అన్నావు కదా. ఆ రోజున మీటరు కేటగిరీ మార్పుకి అర్జీ పెట్టు. ఇప్పుడే మూడు ఫేజులకి ఖర్చు పెట్టమని బలవంతం లేదు.

నాగావళి_లేత్:
మోటారు నేమ్‌ప్లేటు ఫొటో పెట్టు.

కొత్తోడు_రాజాం:
దానిమీద ఆకుపచ్చ పెయింటు కొట్టేశారన్నా, ఏమీ కనబడ్డం లేదు.

నాగావళి_లేత్:
టెర్మినల్ డబ్బా మూత విప్పు. వైర్లు మూడా, ఆరా?

కొత్తోడు_రాజాం:
మూడు.

నాగావళి_లేత్:
అయితే వీఎఫ్‌డీ ఇప్పుడే కొనకు. మోటారు ముందు వైండింగ్ షాపుకి తీసుకెళ్లు, స్టార్ జాయింటు తీసి ఆరు వైర్లు బయటికి తెమ్మని చెప్పు. పనిలో పనిగా రెండు బేరింగులూ మార్పించు.