పాత బొమ్మల్లో వేటాడే మొక్కలు, జంతువులు: మీరు చూసినవి పంచుకోండి

మాధవి_జయనగర్
అందరికీ నమస్కారం. బెంగళూరులో మా బాల్కనీలో జిగురు వెంట్రుకలతో పురుగుల్ని పట్టే డ్రోసెరా, కూజాల్లాంటి ఆకుల్లో పట్టే నెపంథిస్ పెంచుతున్నాను. వాటి మీద ఇష్టంతోనే పాత ప్రకృతిశాస్త్ర పుస్తకాల స్కాన్‌లు చూడటం మొదలైంది. ఇప్పుడు రాత్రి పూట అదే పని. పురుగుల్ని తినే మొక్కలు, వేటాడే జంతువులు ఉన్న బొమ్మలంటే నాకు ప్రాణం.

మొక్కని రోజూ దగ్గర పెట్టుకుని చూసేవాళ్ళకి ఆ బొమ్మల్లో ఒక సంగతి తెలుస్తుంది. చాలాసార్లు గీసిన చెయ్యి నిజం చెబుతుంది, పక్కన రాసిన మాట దారి తప్పుతుంది. మార్క్ కేట్స్‌బీ 1731 నుంచి 1743 దాకా కరోలినా ప్రకృతి మీద వేసిన పుస్తకంలో కూజాల్లాంటి ఆకులుండే సారసీనియా మొక్క దగ్గర ఒక కప్పని గీశాడు. ఆ మొక్క చుట్టూ పురుగులు మూగుతాయి, వాటి కోసం కప్ప వస్తుంది. బొమ్మ సరిగ్గానే ఉంది. రాతలో మాత్రం పురుగులు కప్పల బారి నుంచి తప్పించుకుని తలదాచుకునే చోటు ఆ కూజాలని చెప్పాడు!

ఆకులు మూసి పురుగుల్ని పట్టే వీనస్ ఫ్లైట్రాప్ సంగతీ అంతే. 1769లో జాన్ ఎలిస్ లండన్ నుంచి దాని బొమ్మనీ వర్ణననీ స్వీడన్ ప్రకృతిశాస్త్రవేత్త లినేయస్‌కి పంపాడు. బొమ్మలో ఆకుల మధ్య పురుగులు ఇరుక్కుని ఉన్నాయి. ఈ మొక్క వాటిని ఆహారం చేసుకుంటుందని ఎలిస్ ఊహించాడు కూడా. లినేయస్ దాన్ని ప్రకృతి అద్భుతం అని మెచ్చుకున్నాడు గానీ, తింటుందంటే ఒప్పుకోలేదు. అత్తిపత్తి ముడుచుకున్నట్టే ఇదీ ముడుచుకుంటుంది, పురుగు గింజుకోవడం మానగానే వదిలేస్తుంది అని ఆయన లెక్క. ఎలిస్‌కీ ఒకటి అందలేదు. ఆకు లోపలి చిన్న వెంట్రుకల్ని పురుగుని పొడిచి చంపే ముళ్ళనుకున్నాడు. అవి తగిలితే ఆకు మూసుకుంటుంది, అంతే వాటి పని.

మీరు చూసిన బొమ్మల గురించి, వాటిని అసలు మొక్కతోనో జంతువుతోనో పోల్చి చూసిన అనుభవం ఉంటే దాని గురించి రాయండి.

శేషు_మైలాపూర్
మాధవి గారూ, మీరు చెప్పినదానికి పురుగుల్నీ మొక్కల్నీ గీసిన చిత్రకారిణి మరియా సిబిల్లా మేరియన్‌ని మించిన సాక్షి ఉండదు. 1699లో, 52 ఏళ్ళ వయసులో, చిన్న కూతురు డొరోథియాని వెంటబెట్టుకుని ఆమ్‌స్టర్‌డామ్ నుంచి దక్షిణ అమెరికాలోని సురినామ్ వెళ్ళింది. జబ్బు చేసి 1701లో తిరిగి వచ్చింది. 1705లో వచ్చిన ఆవిడ పుస్తకంలో 18వ బొమ్మ చూడండి: జామ కొమ్మ మీద పెద్ద సాలీడు హమ్మింగ్‌బర్డ్‌ని వెల్లకిలా పడేసి తింటోంది. పక్కన చీమలు ఒకదాన్నొకటి పట్టుకుని వంతెన కట్టి ఆకు నుంచి ఆకుకి పోతున్నాయి.

ఆవిడ పోయాక నూరేళ్ళకి పైగా గడిచినా ఆ సాలీడుని నమ్మనివాళ్ళు ఉన్నారు. 1830లలో కొందరు ప్రకృతిశాస్త్రవేత్తలు ఆవిడ పుస్తకాన్ని బాగా తిట్టిపోశారు. హెన్రీ వాల్టర్ బేట్స్ అనే ప్రకృతిశాస్త్రవేత్త అమెజాన్‌లో అలాంటి సాలీడు పిట్టల్ని పట్టడం చూసి 1863లో రాసేదాకా ఆ అపవాదు పోలేదు. బొమ్మలో లోపం లేదని కాదు. గూట్లో నాలుగు గుడ్లు గీసింది, హమ్మింగ్‌బర్డ్ మామూలుగా రెండే పెడుతుంది. గుడ్ల లెక్క తప్పిందని సాలీడునీ అబద్ధం అనేశారు, నా బాధ అదే.

దాని పెద్ద ప్రింట్ తీయించి మా హాల్లో పెట్టాను. మా అత్తగారు మొదట్లో అటు చూసేవారు కాదు. ఇప్పుడు ఇంటికి ఎవరొచ్చినా చీమల వంతెన ఆవిడే చూపిస్తారు.

రాధిక_వేలచ్చేరి
శేషు గారూ, ఒక చిన్న చేర్పు. మొక్క పురుగుని తింటుందంటే ఒప్పుకోని లినేయస్, మేరియన్ గీసిన సాలీడుని మాత్రం కాదనలేదు. 1758లో దానికి అవిక్యులేరియా అని, అంటే పిట్టలకి సంబంధించినది అని, పేరు పెట్టాడు. ఆవిడ బొమ్మనే ఆధారంగా చూపాడు. జంతువు జంతువుని తినడం ఆయనకి లోకరీతి. మొక్క తినడం ఆ రీతికే విరుద్ధం. అసలు తేడా అక్కడుందని నా అభిప్రాయం. చెట్టు కింద, జంతువు పైన అని మెట్లు కట్టుకున్న కాలం అది.

కిరణ్_మారతహళ్ళి
నమస్తే అండీ. మనిషిని కొమ్మలతో చుట్టేసి తినే చెట్టు బొమ్మ ఒకటి వాట్సాప్‌లో తిరుగుతోంది. పాత పుస్తకంలోదే అంటున్నారు. మా అక్క కొడుకు అది చూసి తోటలోకి వెళ్ళాలంటే భయపడుతున్నాడు. నిజంగా ఎవరైనా చూసి గీసిందేనా?

శేషు_మైలాపూర్
కాదు తమ్ముడూ. 1874లో న్యూయార్క్ వరల్డ్ అనే పేపర్ మడగాస్కర్‌లో మనుషుల్ని తినే చెట్టు ఉందని ఒక కథనం వేసింది. చూశానని చెప్పిన శాస్త్రవేత్తతో సహా అంతా కల్పితం. ఆ తర్వాత 1887లో బ్యూయెల్ అనే రచయిత పుస్తకంలో అలాంటి చెట్టుకే బొమ్మ వేశారు. వాట్సాప్‌లో తిరిగేది ఎక్కువగా అదే. బాబుకి ఒక డ్రోసెరా కుండీ కొనిపెట్టండి, తన కళ్ళతో తనే చూసుకుంటాడు. కిందటి కాలం బొమ్మ కదా అని దేన్నీ నమ్మక్కర్లేదు. ఎవరు, ఎక్కడ, ప్రాణంతో ఉన్న దేన్ని చూసి గీశారో అడగాలి.

మాధవి_జయనగర్
కిరణ్ గారూ, కుండీకి కార్పొరేషన్ నీళ్ళు గానీ బోరు నీళ్ళు గానీ పొయ్యకండి. ఉప్పుకి మొక్క మాడిపోతుంది. వాన నీరు లేదా ఆర్‌ఓ నీరు. ఎరువు అసలు వద్దు. సారం లేని నేలలో బతకడానికే అవి పురుగులు పట్టడం నేర్చాయి.

ప్రసాద్_అన్నానగర్
నాది విశాఖ, ఉద్యోగం చెన్నైలో. మొక్కల మధ్యలో పాముల్ని తెస్తున్నందుకు ఏమీ అనుకోకండి, ఇవి మన ఊళ్ళ బొమ్మలు.

ప్యాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లండ్ డాక్టర్ 1781లో విశాఖపట్నం వచ్చాడు. కాకినాడ దగ్గర జగన్నాథపురంలో కోనిగ్ అనే వృక్షశాస్త్రవేత్త 1785లో చనిపోయాక, ఈస్ట్ ఇండియా కంపెనీ ఆయన పని రస్సెల్‌కి అప్పగించింది. మొక్కల సంగతి చూడమంటే ఆయన మనసు పాముల మీదికి పోయింది. ఏది విషపుదో ఏది కాదో మామూలు జనం గుర్తుపట్టేలా చెయ్యాలని ఆయన పట్టుదల. కోడిపిల్లల్నీ కుక్కల్నీ కరిపించి విషం తీవ్రత రాసుకున్నాడు. అవి చదువుతుంటే కష్టంగానే ఉంటుంది. 1796లో లండన్‌లో వచ్చిన పుస్తకంలో పెద్ద పెద్ద రంగుల బొమ్మలు. రక్తపింజరికి ఇప్పుడు లోకమంతా రస్సెల్ పేరే. ఆయన మాత్రం ఇక్కడివాళ్ళు చెప్పిన పేరు రాసుకున్నాడు: కాటుక రేకుల పొడ. పెద్ద పొడ, పసిరిక పాము, జెర్రిపోతు, బంగారు పాము, అన్నీ ఉన్నాయి.

ఆ బొమ్మల్లో నాకు నచ్చింది ఏమిటంటే, పాము పడగ విప్పి బుస కొడుతున్న హడావిడి ఉండదు. తల మీద పొలుసులు ఎలా పేర్చి ఉన్నాయో, పొట్ట కింద పట్టీలు ఎలా ఉన్నాయో విడిగా చూపిస్తాయి. మా నాన్నగారి ఊళ్ళో పాములు పట్టే ఒకాయనకి ఫోన్‌లో రక్తపింజరి బొమ్మ చూపించాను. పేరు చెప్పకుండానే ఒక్క చూపులో గుర్తుపట్టాడు, వీపు మీద మచ్చల వరస చూసి. రంగు కాస్త వెలిసినట్టుందే అన్నాడు. అవి చేత్తో వేసిన రంగులు, ఒక ప్రతికీ ఇంకో ప్రతికీ తేడా ఉంటుంది. రంగు కంటే పొలుసుల్నే నమ్మాలి.

లత_మల్లేశ్వరం
ప్రసాద్ గారు మన ఊళ్ళ బొమ్మలు అన్నారు గనక, బొమ్మలేసిన మనవాళ్ళ గురించి రాస్తాను. ఇది నాకు అన్నిటికంటే దగ్గర విషయం.

మద్రాసు ప్రెసిడెన్సీలో డాక్టరుగా పనిచేసిన రాబర్ట్ వైట్ 1838 నుంచి 1853 దాకా మద్రాసులోనే అచ్చువేసిన ఐకోన్స్ అనే మొక్కల బొమ్మల పుస్తకంలో 2101 బొమ్మలున్నాయి. వైట్ దగ్గర బొమ్మలేసిన ఇద్దరి పేర్లు మనకి మిగిలాయి, రంగయ్య, గోవిందు. తంజావూరు చిత్రకళ వారసత్వం ఉన్న తెలుగువాళ్ళు. అప్పట్లో కంపెనీ దొరల కోసం గీసిన వందల మందికి పేరే లేదు. వైట్ 1853లో ఒక ఆర్కిడ్ ప్రజాతికి గోవిందు పేరు పెట్టాడు. వాళ్ళ అసలు చిత్రాలు ఇప్పుడు ఎడిన్‌బరో వృక్షోద్యానంలో ఉన్నాయి.

ఐకోన్స్‌లో యుట్రిక్యులేరియా అనే పురుగుల్ని పట్టే మొక్క బొమ్మలు వెతికి చూడండి. బెంగళూరు చుట్టుపక్కల బండ గుట్టల మీద, వానాకాలం చివర్లో నీరు ఊరే చోట, గడ్డిలో ఊదారంగు చిన్న పూలు కనిపిస్తాయి కదా, అదే జాతి. దాన్ని గీయడం ఎంత కష్టమో నేను ప్రయత్నిస్తే గానీ తెలియలేదు. పూవు పైకి ఉంటుంది, వేట అంతా బురదలో జరుగుతుంది. పురుగుల్ని పీల్చే తిత్తులు ఆవగింజ కంటే చిన్నవి. మొక్కని లాగితే అవి మట్టిలోనే తెగి ఉండిపోతాయి. అందుకే చాలా పాత బొమ్మల్లో పూవు ముచ్చటగా ఉంటుంది, తిత్తులు ఉండవు. ఉన్నచోట కూడా అవి మొక్క నీట తేలడానికి పనికొచ్చే గాలి సంచులని నమ్మేవారు. 1870లలో న్యూజెర్సీలో మేరీ ట్రీట్ అనే ఆవిడ సూక్ష్మదర్శిని ముందు గంటలకొద్దీ కూర్చుని, తిత్తిలోకి జీవులు వెళ్ళడం, బయటికి రాలేకపోవడం చూసింది. డార్విన్ 1875 నాటి పుస్తకంలో ఆవిడ పరిశీలనలు తీసుకుని పేరు చెప్పి రాశాడు. తిత్తి మూత తెరుచుకుని నీటిని లోపలికి లాగడం సెకనులో వెయ్యోవంతు కంటే తక్కువలో అయిపోతుంది. అది కంటికి అందదు, ఏ చిత్రకారుడూ గీయలేడు.

డ్రోసెరాది ఇంకో చిక్కు. ఎండబెట్టి నొక్కిన నమూనాలో జిగురు బొట్లు ఉండవు, వెంట్రుకలే మిగులుతాయి. ఒక బొమ్మలో ప్రతి వెంట్రుక చివరా బొట్టు మెరుస్తూ ఉంటే, గీసినవాళ్ళు బతికున్న మొక్క ముందు కూర్చున్నారని నేను అనుకుంటాను.

మాధవి_జయనగర్
లత గారూ, చాలా చాలా థాంక్స్ అండీ. బొట్ల సంగతి నేనూ చూస్తున్నాను. ఉదయం తేమలో ఆకు నిండా ఉంటాయి, మార్చిలో మధ్యాహ్నం ఎండకి సగం ఆరిపోతాయి. ఏ వేళకి కూర్చుంటారు మీరు?

లత_మల్లేశ్వరం
ఎనిమిది లోపే, మాధవి గారూ. ముందు బొట్లు వేసుకుంటాను, ఆకు తర్వాత ఎప్పుడైనా వెయ్యొచ్చు.

రాధిక_వేలచ్చేరి
బొమ్మని చూసి మొక్కని వెతుక్కుంటూ వెళ్ళిన సందర్భమూ ఉంది. ఇంగ్లండ్ చిత్రకారిణి మేరియన్ నార్త్ 1876లో బోర్నియో దీవిలోని సరావాక్‌లో ఒక పెద్ద నెపంథిస్‌ని నూనె రంగుల్లో వేసింది. ఆ చిత్రం లండన్‌లో చూసిన వీచ్ నర్సరీవాళ్ళు ఇది కొత్త జాతి అని గ్రహించి, దాన్ని తీసుకురమ్మని మనిషిని బోర్నియో పంపారు. 1881లో హుకర్ అనే వృక్షశాస్త్రవేత్త దానికి నెపంథిస్ నార్తియానా అని పేరు పెట్టాడు. మనకున్న ఒకే ఒక్క నెపంథిస్ మేఘాలయలోది, ఖాసియానా. అడవిలో తవ్వి అమ్మేవాళ్ళ వల్ల దాని పరిస్థితి బాగోలేదు. దయచేసి ఎక్కడ మొలకెత్తించారో అడగకుండా ఎవరూ కొనకండి.

ప్రసాద్_అన్నానగర్
చెన్నైవాళ్ళకి ఇంకొకటి. మద్రాసు గవర్నర్ జార్జ్ పిగట్ ఇంగ్లండ్ రాజు మూడో జార్జ్‌కి ఒక చీటాని పంపాడు. 1764లో విండ్సర్‌లో దాన్ని ఒక దుప్పి మీదికి వదిలితే దుప్పే తరిమికొట్టింది. ఆ తర్వాత జార్జ్ స్టబ్స్ ఆ చీటాని, దుప్పిని, వెంట వెళ్ళిన ఇద్దరు భారతీయుల్ని కలిపి పెద్ద చిత్రం వేశాడు. మాంచెస్టర్‌లో ఉంది. చీటా తల మీది ఎర్ర టోపీ, నడుము పట్టీ చూడండి, వేటకి వదిలే ముందు కళ్ళు మూసే టోపీ అది. ఇక్కడ చీటాలు పోయాయని 1952లో ప్రకటించారు. ఆ ఇద్దరి ముఖాలు స్టబ్స్ ఎంత శ్రద్ధగా వేశాడో చూస్తుంటే, వాళ్ళ ఊరు ఏదో తెలుసుకోవాలనిపిస్తుంది.

కిరణ్_మారతహళ్ళి
ఇవన్నీ ఎక్కడ చూడొచ్చు సర్? పాత ప్రింట్ అని ఒక దుకాణంలో నెపంథిస్ బొమ్మకి పెద్ద రేటు చెప్పారు.

శేషు_మైలాపూర్
కొనే ముందు భూతద్దం తీసుకెళ్ళు. రంగు చుక్కలు చుక్కలుగా, పూల గుత్తుల్లా కనిపిస్తే ఈ కాలపు ఆఫ్‌సెట్ అచ్చు. రాగి రేకు మీద చెక్కి అచ్చువేసినదైతే బొమ్మ చుట్టూ కాగితం కొంచెం నొక్కుకుపోయి గీత తెలుస్తుంది. నిజమైన పాతదైనా ఒక్కోసారి ఎవరో పుస్తకం చింపి తీసిన పేజీ అయి ఉంటుంది, నాకది ఇష్టం ఉండదు. బయోడైవర్సిటీ హెరిటేజ్ లైబ్రరీ వెబ్‌సైట్‌లో కేట్స్‌బీ, వైట్, జర్మన్ జీవశాస్త్రవేత్త హెకెల్ వేసిన బొమ్మలు అన్నీ ఉచితం. హెకెల్ 62వ బొమ్మ నెపంథిస్‌లదే, అది మాత్రం అందం కోసం అమర్చినట్టుంటుంది, దాన్ని చూసి మొక్కని గుర్తుపట్టొద్దు.

లత_మల్లేశ్వరం
అక్కడ రంగయ్య పేరు వెతికేటప్పుడు ఇప్పటి స్పెల్లింగ్ కొడితే దొరకదు. ఆర్, యు, ఎన్, జి, ఐ, ఎ, హెచ్ అని కొట్టండి. గోవిందు చివర రెండు ఓలు. చాలా బొమ్మల కింద మూలగా, చిన్న అక్షరాల్లో ఉంటాయి, బాగా జూమ్ చెయ్యాలి.