బొల్లికి మంచి స్కిన్ డాక్టరును ఎలా ఎంచుకున్నారు? మీ అనుభవం చెప్పండి

పాప అమ్మ, ఒంగోలు:
మా పాపకి తొమ్మిదేళ్లు. కనురెప్ప మీద, మోకాలి మీద తెల్లమచ్చలు వచ్చి నాలుగు నెలలైంది. చూపించిన డాక్టరుగారు అలా ఓసారి చూసి, క్రీము రాసిచ్చి ఆర్నెల్లకి రమ్మన్నారు. జబ్బు పేరు కూడా చెప్పలేదు. చేపల కూర తిని పాలు తాగడం వల్లేనని మా అత్తయ్యగారి మాట. లెగ్గింగ్స్ వేసుకోకుండా పాప బడికి వెళ్లనంటోంది. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదండీ.

గుంటూరు నాన్న:
అమ్మా, ముందు చేపలు, పాలు సంగతి మర్చిపోండి. మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే రంగునిచ్చే కణాల మీద దాడి చేయడం వల్ల వచ్చేది ఇది. అంటుకోదు. మా బాబుకి మూడేళ్ల నుంచి ఉంది. మేం ఎండీ డీవీఎల్, అంటే చర్మవ్యాధుల్లో పీజీ, చదివినావిడ దగ్గరికి వెళ్లాం. గదిలో లైట్లార్పి, తెల్లమచ్చలు స్పష్టంగా కనిపించేలా చేసే వుడ్స్ ల్యాంప్ అనే యూవీ దీపంతో ఒళ్లంతా చూశారు. మచ్చలు పెరుగుతున్నాయా, ఆగాయా అని గుచ్చిగుచ్చి అడిగారు, ఫొటోలు తీసి పెట్టుకున్నారు, థైరాయిడ్ పరీక్ష రాశారు. కంటి దగ్గర స్టిరాయిడ్ ఎక్కువ రోజులు వాడకూడదని స్టిరాయిడ్ కాని టాక్రోలిమస్ అనే పూత మందు ఇచ్చారు. మీ క్రీములో ఏముందో ట్యూబు మీద చూడండి.

సిద్దిపేట తమ్ముడు:
అక్కా, నేను చెప్పేది దూరం గురించి. లైట్ ట్రీట్‌మెంట్ అంటే మెషీన్‌తో మచ్చల మీద యూవీ వెలుతురు పెడ్తరు, దానికి వారానికి రెండు మూడు సార్లు పోవాలె. పెద్ద డాక్టరని హైదరాబాద్ పోయిన, రానూపోనూ రెండొందల కిలోమీటర్లు. రెండు నెలలకే బంద్ పెట్టిన. తర్వాత ఊళ్లోనే మెషీన్ దొరికింది. మూడు నెలలకు మచ్చల్ల వెంట్రుకల మొదట్ల నుంచి చిన్న చిన్న రంగు చుక్కలు తేలినయి, అద్దంల చూసుకొని ఏడ్చిన. ముఖం మీద బాగ వచ్చింది, వేళ్ల కొసలకు మాత్రం ఇప్పటికీ రాలే. ఆ సంగతి డాక్టర్ మొదటి రోజే చెప్పిండు, అందుకే ఆయన్ని నమ్మిన. గ్యారంటీ అన్నోళ్ల దగ్గరికి పోవద్దు. సర్కారు దవాఖాన అయితే ఫోన్ చేసి మెషీన్ నడుస్తుందా అని అడిగి పోండి.

విశాఖ అక్క:
బావంచాల నూనె రాసి ఎండలో కూర్చోమని చెప్పేవాళ్లు తగులుతారు, వద్దమ్మా. నాకు బొబ్బలెక్కి, మానిన చోట మచ్చ ఇంకా పెద్దదైంది. దెబ్బ తగిలిన చోటా, గీసుకున్న చోటా కొత్త మచ్చలు రావచ్చట, పాప మోకాలు జాగ్రత్త. స్టిక్కర్ బొట్టు పెడితే మానేయండి, ఆ జిగురులోని రసాయనంతో కొందరికి నుదుటి మీద తెల్లబడుతుంది.

డల్లాస్ నుంచి:
ఇక్కడ అమెరికాలో 2022లో బొల్లికి రుక్సోలిటినిబ్ అనే క్రీముకి అనుమతి ఇచ్చారు, కానీ పన్నెండేళ్లు నిండినవాళ్లకే. పాప కోసం దాని వెంట పడకండి.

పాప అమ్మ, ఒంగోలు:
అందరికీ దణ్ణాలండీ. ట్యూబు చూశాను, స్టిరాయిడే. రేపే ఆ డాక్టరుకి ఫోన్ చేసి, కంటి మీద ఎలా వాడాలో అడుగుతాను. సోమవారం గుంటూరు వెళ్తున్నాం. ఇంతకీ కనురెప్పకి లైటు ఎలా పెడతారు?

గుంటూరు నాన్న:
మామూలుగా నల్లద్దాలు పెడతారు. మా బాబుకీ రెప్ప మీదే కాబట్టి కళ్లు గట్టిగా మూయించి, నర్సు పక్కనే నిలబడి కొద్ది క్షణాలతో మొదలుపెట్టారు. మీ పాప కళ్లు మూసుకుని ఉండగలదో లేదో చూసి డాక్టరే చెప్తారు. వచ్చేటప్పుడు నాలుగు నెలల ఫొటోలు ఫోన్‌లో ఉంటే తెచ్చుకోండమ్మా.